ఇంజన్ పల్లంలో ప్లాస్టిక్ గొట్టాలు

2002లో వచ్చిన పోర్షే కయెన్ వి8 ఇంజన్‌లో కూలెంట్ గొట్టాలు ప్లాస్టిక్‌వి. రెండు సిలిండర్ వరసల నడుమ, ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద, గాలి ఆడని పల్లంలో వాటిని అమర్చారు. ఏళ్ల తరబడి కాగుతూ చల్లారుతూ అవి పెళుసెక్కి పగిలాయి. కారిన కూలెంట్ అక్కడే ఉన్న స్టార్టర్ మోటారును తడిపేది. అమెరికాలో యజమానులు కోర్టుకెక్కారు. వాటి స్థానంలో పోర్షేయే అల్యూమినియం గొట్టాలు తెచ్చింది.

అసలు తప్పు గొట్టాన్ని పెట్టిన చోటులోనే ఉందంటాను. ప్లాస్టిక్ తేలిక, తుప్పు పట్టదు, అచ్చులో ఏ వంపైనా తిరుగుతుంది. ఎన్నో కార్ల రేడియేటర్ ట్యాంకులు దానివే, అవి మన్నడం లేదా అని అడగవచ్చు. మన్నుతున్నాయి. కానీ అవి బండి ముందు, గాలి తగిలేచోట ఉంటాయి. పాడైతే ఇంజన్ జోలికి పోకుండానే మార్చవచ్చు. ఇక్కడ గొట్టం కన్నా, దాన్ని చేరేందుకు మానిఫోల్డ్ విప్పే కూలి ఖర్చే భారం. అంత లోతున దాచిన భాగం ఇంజన్ ఉన్నంతకాలం నిలవాలి, అంతకు తక్కువ ఒప్పుకోకూడదు. అలాగని లోహమైతే చాలనడమూ పొరపాటే. అదే కంపెనీ 996 తరం 911 టర్బోలో లోహపు కూలెంట్ ఫిట్టింగులను జిగురుతో అతికించింది. వేడికి ఆ జిగురు పట్టు వదిలింది. మెకానిక్‌లు వాటిని వెల్డింగ్ చేసో, పిన్నులు దిగగొట్టో బిగించాల్సి వచ్చింది.