మంచము విడిచిన వృద్ధులు

ఇంగ్లాండులో 1834నాటి బీదల చట్టము నిరాధారులకై బీదలశాలలను నెలకొల్పినది గాని, అందలి బ్రతుకు వెలుపలి కడపటి కూలివాని బ్రతుకుకంటెను దుర్భరముగా నుండవలెనని నియమించినది. ఒడలిలో సత్తువ గలవారు తొలగిపోగా, ఎచటికిని పోజాలని రోగులును వృద్ధులును అందు మిగిలిరి. 1935లో లండనుకు పశ్చిమమున నున్న వెస్ట్ మిడిల్‌సెక్స్ వైద్యశాల తన ప్రక్కనున్న అట్టి శాలలోని రోగిగృహమును కలుపుకొన్నప్పుడు, అందలి 714 మంది భారము మార్జరీ వారెన్ అను వైద్యురాలిపై బడినది.

పక్షవాతము తగిలినవారు, తుంటియెముక విరిగినవారు, మతి చెడినవారు, మతి నిలుకడగా నుండియు నడువలేనివారు, అందరును ఒకే వరుసలో ఏండ్లతరబడి పరుండియుండిరి; పెక్కుమందికి వ్యాధినిర్ణయమే జరిగియుండలేదు. మంచము దిగని దేహమున కండరములు క్షీణించును, కీళ్లు బిగిసికొనును, వీపున పుండ్లు పుట్టును. అంతటితో నాగక, సర్వకృత్యములును పరుల చేతిమీదుగా జరుపుకొనవలసిన మనుష్యుడు మొదట అభిమానమును, పిదప ఆశను, కడకు పలుకును విడిచిపెట్టును. ఆ మౌనమునకు లోకము ముసలితనమని పేరుపెట్టి ఊరకుండెను. ఈ భ్రాంతివలన ఎందరి తుదిదినములు వ్యర్థములైనవో తలచినపుడు హృదయము క్షోభించును.

వారెన్ ఒక్కొక్కరినే పరీక్షించి, వ్యాధులను నిర్ణయించి, ఎవరికే చికిత్స తగునో వేరుపరచి, కూర్చుండగలవారిని కూర్చుండబెట్టి, నిలువగలవారిని నిలిపి, వ్యాయామచికిత్సకుల సాయమున మెల్లమెల్లగా అడుగులు వేయించినది. గదుల గోడలకు క్రొత్తరంగులు పూయించి, వెలుతురు హెచ్చించినది. ఈ పని నలంకారమని తలచువారు, నిస్పృహ చెందిన వాని కాలు తనంత తాను లేవదను సత్యమును మరచినవారు. తన అడుగున తాను నాలుగు బారలు నడచిన వృద్ధునికి మాటయు మరలివచ్చెను. మాట వచ్చినవానికి మరునాడు మరికొంత దూరము నడువవలెనను కోరిక పుట్టెను. ఎందరో గృహములకు మరలిరి. మన యిండ్లలోను పెద్దవారిని 'మీరు కదలకండి, మేము లేమా' యని ప్రేమతోనే మంచమున కప్పగించుచుందుము; ఆ ప్రేమకు ఈ చరిత్రము తెలియుట మేలు.

వార్ధక్యవైద్యమునకు 'జెరియాట్రిక్స్' అను పేరు 1909లోనే అమెరికాలో ఇగ్నాట్జ్ నాషర్ పెట్టియుండెను గాని, దానికి ఆచరణరూప మిచ్చినవారిలో వారెన్ అగ్రగణ్య. 1943లోను 1946లోను ఆమె ప్రకటించిన వ్యాసములు వైద్యలోకమును కదలించెను. 1947లో రిచర్డ్ ఆషర్ అను వైద్యుడు శయ్యావాసమే ప్రమాదకరమని వ్రాసెను. ఆ యేడే వృద్ధుల వైద్యమునకై బ్రిటనులో వైద్యసంఘ మేర్పడెను. 1958లో ఆక్సుఫర్డున లయొనెల్ కాసిన్ ప్రత్యేకముగా గట్టించిన పగటి వైద్యశాలకు వృద్ధులు ఉదయమున వచ్చి, చికిత్సయు వ్యాయామమును తోడివారి సాంగత్యమును పొంది, సాయంకాలమునకు తమ యిండ్లకు మరలుచుండిరి.