మా పెరట్లో జీపు

మావయ్యగారు పోయాక, పెరట్లో తుప్పు పట్టిన జీపును పాత ఇనుముకి ఇచ్చేద్దామనుకున్నాం. "నొప్పులొస్తుంటే పాచిపెంట నుంచి సాలూరు ఆసుపత్రికి నన్ను తెచ్చింది ఇదేనే అమ్మా" అన్నారు అత్తయ్యగారు. ఆ రాత్రి పుట్టినవారే మా ఆయన! ఇంకేం అమ్ముతాం?

1941లో యుద్ధం కోసం అమెరికాలో తయారైన విల్లీస్ జీపును, 1947లో బొంబాయిలో మహీంద్రావాళ్లు బిగించడం మొదలుపెట్టారు. మాది ఆ వంశమే, ఎత్తు బానెట్టు రకం. లోపల ఇంజను పొడుగు, అందుకే బానెట్టు ఎత్తు.

లారీల ఊరు కదా మాది, సలహాలకి కొదవలేదు. ఆయన కార్బురేటర్ విప్పి కడిగారు. నేను ఎమరీ పేపరుతో తుప్పు గీకాను. అడుగున మావయ్యగారు వేయించిన ఆకుపచ్చ రంగు బయటపడింది. మళ్లీ అదే వేశాం.

మొదటిసారి కదిలిన రోజు అత్తయ్యగారు ముందు సీట్లో కూర్చున్నారు. "నెమ్మదిగా పోనీరా, ఇప్పుడు తొందరేం లేదు" అన్నారు.