బొమ్మలూ బడీ: రాజమండ్రి దామెర్ల గ్యాలరీ కథ

ఆస్వాల్డ్ జెన్నింగ్స్ కూల్డ్రే 1909 నుంచి 1919 దాకా రాజమండ్రి గవర్నమెంటు ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ పక్కనున్న ఆబింగ్‌డన్ ఆయన సొంతూరు. చదువు ఆక్స్‌ఫర్డ్‌లోనే, పెంబ్రోక్ కాలేజీలో. 1683లోనే ఆష్మోలియన్ మ్యూజియం తలుపులు తెరిచిన విశ్వవిద్యాలయం అది. పాఠం వినడం, బొమ్మ చూడడం రెండూ ఒకే ప్రాంగణంలో జరిగే చోట చదువుకున్న మనిషి గోదావరి ఒడ్డుకొచ్చి పడ్డారన్నమాట. ఇక్కడ కాలేజీకి మ్యూజియం లేదు. ఆ లోటు తీర్చే పని ఆయన పిల్లల్ని వెతకడంతో మొదలుపెట్టారు.

ఆ పిల్లలు ఆయనకు దొరకడం వెనక ఒక ఆనకట్ట ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా భూములకు కాలవ నీళ్లు వచ్చాయి, వరి పండింది, ఓ మోస్తరు రైతు ఇళ్లలోనూ నాలుగు డబ్బులు మిగిలాయి. ఆ డబ్బు పిల్లల్ని రాజమండ్రి బళ్లకు పంపింది. భీమవరం వైపు నుంచి అడివి బాపిరాజు వచ్చారు. ఊళ్లోనే పుట్టిన దామెర్ల రామారావు ఉన్నారు. వీళ్లకు పాఠ్యపుస్తకంలో లేనిది నేర్పింది కూల్డ్రే. ఆయన స్వయంగా కవి, కథకుడు, నీటిరంగులతో బొమ్మలు వేసే చెయ్యి. పరీక్షలు పాసయ్యే ప్రభుత్వోద్యోగులను తయారుచెయ్యడానికి నియమించిన ప్రిన్సిపాల్ కుర్రాళ్లను చెట్టు కింద కూర్చోబెట్టి చూపు నేర్పడం ఆ రోజుల్లో మామూలు సంగతి కాదు. నా దృష్టిలో ఆంధ్రదేశంలో ఆధునిక చిత్రకళ పుట్టింది ఆ కాలేజీ ఆవరణలోనే.

రామారావు 1897 మార్చి 8న పుట్టారు. కూల్డ్రే ఆ కుర్రాడిలో చేతినేర్పు ఒక్కటే చూడలేదు, దాన్ని ఎటు తిప్పాలో కూడా చూశారు. అజంతా, ఎల్లోరా చూపించారు. 1916లో బొంబాయి సర్ జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరడానికి ప్రోత్సహించారు. అప్పటికి మన ఇళ్లలో బొమ్మంటే రవివర్మ ప్రెస్సు లక్ష్మీ సరస్వతులే. గోడ మీద పటం కట్టించి పెట్టుకునేవి. బొంబాయిలో రామారావుకు దొరికింది వేరే శిక్షణ: ఎదుట మనిషిని కూర్చోబెట్టి ఎముక ఎక్కడ ఒంగిందో, కండ ఎక్కడ బిగిసిందో పెన్సిలుతో పట్టుకోవడం. ఆ క్రమశిక్షణ ఆయన్ని చివరిదాకా వదల్లేదు.

దేశంలో అప్పుడు గట్టిగా వినిపిస్తున్న గొంతు మాత్రం బెంగాల్‌ది. అవనీంద్రనాథ్ ఠాగూర్ శిష్యుల పద్ధతి అది: రంగు వేసి, కాగితాన్ని నీళ్లలో ముంచి, ఆరాక మళ్లీ రంగు వేసి, మళ్లీ ముంచి, బొమ్మంతా పల్చటి పొగమంచులో తేలుతున్నట్టు చెయ్యడం. ఆ గాలి మనకూ తగిలింది. బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలకు ప్రమోదకుమార్ చటోపాధ్యాయ వచ్చి చిత్రకళ నేర్పారు. బాపిరాజు ఆయన దగ్గర నేర్చుకున్నారు. అలా బందరు ఒక దారి పట్టింది, రాజమండ్రి ఇంకో దారి. రామారావు నీటిరంగుల్లో పని చేస్తూనే ఆ మంచును ఒప్పుకోలేదు. ఆయన బొమ్మల్లో గీతే ముందు నడుస్తుంది. ఒక స్త్రీ భుజం దగ్గర మొదలైన గీత మోచేతి దాకా ఎక్కడా తడబడదు, పక్కనున్న ఆమె నడుములోకి జారి, అక్కణ్ణించి చీర కుచ్చెళ్లలోకి దిగుతుంది. అజంతా నుంచి తెచ్చుకున్న ప్రవాహం, బొంబాయి నుంచి తెచ్చుకున్న శరీరజ్ఞానం, పక్కనే గోదావరి రేవులో నీళ్లు మోసుకెళ్లే ఆడవాళ్ల నడక, మూడూ ఆ ఒక్క గీతలో ఉన్నాయి. ఇది బెంగాల్‌కు అనుకరణ కాదు, బొంబాయికి అనువాదం కాదు. తెలుగు గడ్డ తన కళ్లతో తాను చూసుకోవడం.

1922లో కలకత్తా ప్రదర్శనలో ఆయన ‘ఋష్యశృంగ బంధనం’ చిత్రానికి వైస్రాయి లార్డ్ రీడింగ్ పేరిట బహుమతి వచ్చింది. 1924లో లండన్ శివార్లలోని వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనకూ ఆయన బొమ్మలు వెళ్లాయి. ‘సిద్ధార్థ రాగోదయం’, ‘పుష్పాలంకరణ’, ‘నందిపూజ’, ‘కృష్ణలీల’, తూర్పు కనుమల మధ్య గోదావరి దృశ్యాలు. ఇవన్నీ ఆ కొద్దికాలంలో వేసినవే.

బహుమతుల కన్నా నాకు ముఖ్యంగా కనిపించేది మరొకటి. బొంబాయిలో పేరు తెచ్చుకున్న కుర్రాడు అక్కడే స్థిరపడిపోవచ్చు. రామారావు రాజమండ్రి తిరిగొచ్చారు. వచ్చి, 1920ల మొదట్లో మిత్రుడు వరద వెంకటరత్నంతో కలిసి చిత్రకళాశాల పెట్టారు, భారతీయ చిత్రకళ కోసం ఒక సంఘం నడిపారు, ప్రదర్శనలు పెట్టించారు. తనకు తెలిసిందంతా పదిమందికి నేర్పాలన్న తపన అది. ఇంట్లోనూ అంతే. భార్య సత్యవాణి కుంచె పట్టారు. చెల్లెలు దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ చిత్రకారిణిగా పేరు తెచ్చుకున్నారు. ఆడపిల్ల బడికెళ్లడమే వార్త అయిన రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు. తెలుగు చిత్రకళ చరిత్ర రాసేవాళ్లు ఈ ఇద్దరి పేర్లూ ఒక వాక్యంలో తేల్చేస్తుంటారు. వాళ్ల బొమ్మల మీద విడిగా ఒక పుస్తకం రావాలి.

1925 ఫిబ్రవరి 6న మశూచి రామారావును తీసుకుపోయింది. ఇరవై ఎనిమిదో ఏడు నిండలేదు.

మామూలుగా అయితే కథ అక్కడితో ముగుస్తుంది. చిన్నవయసులో పోయిన చిత్రకారుడి బొమ్మలు బంధువుల ఇళ్లకు చెదిరి, అటకెక్కి, చెదలకు పోయి, రెండు తరాల్లో పేరు కూడా మిగలదు. మన దగ్గర ఎందరి విషయంలోనో అదే జరిగింది. ఇక్కడ అలా జరగకపోవడానికి కారణం వెంకటరత్నం. మిత్రుడు పోయాక ఆయన చిత్రకళాశాలను మూయనివ్వలేదు. బొమ్మల్ని ఒకచోట కాపాడి, గ్యాలరీగా నిలబెట్టి, పక్కనే పాఠాలు చెప్పారు. తాను స్వయంగా మంచి చిత్రకారుడై ఉండి, బతుకులో పెద్ద భాగం ఇంకొకరి బొమ్మల కాపలాకు ఇచ్చెయ్యడానికి ఎంత గుండె కావాలి! రాజమండ్రిలో బొమ్మలు నేర్చుకున్న తర్వాతి తరం ఆ బడికే రుణపడి ఉంది. తరవాత గ్యాలరీ ప్రభుత్వం చేతికి వచ్చింది.

ఊరి స్వభావం కూడా సాయం చేసింది. కందుకూరి వీరేశలింగం 1890లో సొంత డబ్బుతో టౌన్‌హాలు కట్టించిన ఊరిది. 1898లో వసురాయ గ్రంథాలయం మొదలై, తరవాత గౌతమీ గ్రంథాలయంలో కలిసింది. 1922లో ఆంధ్ర చారిత్రక పరిశోధక మండలి ఇక్కడే పుట్టింది. ఊళ్లో మ్యూజియానికి పేరైన రాళ్లబండి సుబ్బారావు ఆ మండలి మనిషే. సర్కారు వచ్చి చేస్తుందని ఎదురుచూడకుండా పౌరులే సంస్థలు కట్టుకునే అలవాటు రాజమండ్రిది. దామెర్ల గ్యాలరీ ఆ వరసలోదే.

దీన్ని కాశీతో పోల్చి చూడాలి. అక్కడ రాయ్ కృష్ణదాస్ 1920లో భారత కళాభవన్ స్థాపించారు. అదీ ఒక వ్యక్తి పట్టుదలతో పుట్టిందే. 1950లో అది బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో కలిసింది. కలిశాక దానికి దొరికింది గదులు ఒక్కటే కాదు. దాని మీద పరిశోధన చేసే విద్యార్థులు దొరికారు, కేటలాగు రాసే ఆచార్యులు దొరికారు. బరోడాలో అదే 1950లో విశ్వవిద్యాలయం లలితకళల విభాగం తెరిచి దేశంలో ఒక తరం ఆధునిక చిత్రకారుల్ని తయారుచేసింది. శాంతినికేతన్‌లో 1919లో మొదలైన కళాభవన దారీ అదే. బొమ్మలున్న చోట చదువు, చదువున్న చోట బొమ్మలు. కాశీ సంస్థకూ రాజమండ్రి సంస్థకూ పుట్టుకలో అట్టే తేడా లేదు. తేడా అంతా తరవాతి ముప్ఫై ఏళ్లలో వచ్చింది.

మనకు 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చింది. 1934లో అది పెట్టిన నవలల పోటీలో విశ్వనాథ ‘వేయిపడగలు’తో పాటు బహుమతి పంచుకున్న ‘నారాయణరావు’ రాసింది ఎవరు? కూల్డ్రే శిష్యుడు, చిత్రకారుడు బాపిరాజు. అంటే విశ్వవిద్యాలయం ఆ వర్గంలోంచి వచ్చిన నవలను గుర్తించింది. బొమ్మ విషయంలో అలాంటి కలయిక జరగలేదు. గ్యాలరీ ఒకవైపు, చదువు ఇంకోవైపు నడిచాయి. 2006లో రాజమండ్రికి సొంతంగా ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వచ్చింది. బొమ్మూరులో తెలుగు విశ్వవిద్యాలయం సాహిత్యపీఠం ఉంది. ఆర్ట్స్ కాలేజీ ఎప్పటినుంచో ఉండనే ఉంది. ఇన్ని ఉన్న ఊళ్లో దామెర్ల బొమ్మలు ఏ విద్యార్థికీ పాఠం కాకపోతే ఆ తప్పు బొమ్మలది కాదు.

ఇక కాగితం సంగతి. నీటిరంగుల బొమ్మకు వెలుగే శత్రువు. మ్యూజియాల్లో ఇలాంటివాటి మీద వెలుతురు 50 లక్స్ దాటనివ్వరు. అంటే గదిలోకి వెళ్లగానే కళ్లు అలవాటు పడటానికి ఓ నిమిషం పట్టేంత మసక. డెల్టాలో తేమ రెండో శత్రువు. ఆషాఢం నుంచి కార్తీకం దాకా కాగితం నీరు పీలుస్తూ వదుల్తూ ఉబ్బుతుంది, సన్నటి గోధుమరంగు చుక్కలు పడతాయి. మూడోది పటం వెనక పెట్టిన మామూలు అట్ట. దానిలోని ఆమ్లం ఏళ్లు గడిచేకొద్దీ బొమ్మ అంచుల్లోకి ఎక్కుతుంది. ముందు ఆకాశం పసుపెక్కుతుంది. ఆ మీదట గోదావరి నీళ్ల మీద రామారావు వదిలేసిన తెల్లటి ఖాళీ. ఆయన వెలుగును రంగుతో కాక కాగితం తెల్లదనంతోనే చూపించారు కాబట్టి కాగితం మాడితే వెలుగూ పోతుంది. ఆమ్లం లేని అట్ట, అతినీలలోహిత కిరణాలను ఆపే గాజు, తేమ కొలిచే చిన్న పరికరం, వీటికి పెద్ద బడ్జెట్టేం అక్కర్లేదు. తెలిసిన మనిషి ఒకరు కావాలి. అలాంటి మనిషి తయారయ్యేది విశ్వవిద్యాలయంలోనే.

అందుకే నేననేది, ఊళ్లోని విశ్వవిద్యాలయమూ కాలేజీలూ ఈ గ్యాలరీని దత్తత తీసుకోవాలని. పెన్సిలు స్కెచ్చులన్నిటికీ నంబరు వేసి మంచి స్కాను తియ్యాలి. ఒక్కో బొమ్మకూ రెండు పేజీల తెలుగు వివరణ రాయించాలి. వెంకటరత్నం, సత్యవాణి, బుచ్చికృష్ణమ్మల బొమ్మలకు విడి గది ఇవ్వాలి. ఎమ్మే తెలుగు, ఎమ్మే చరిత్ర విద్యార్థులకు అక్కడ నెలరోజుల పని పాఠ్యక్రమంలో భాగంగా పెట్టాలి. ఇవాళ గోదావరి జిల్లాల్లో బొమ్మలు వేస్తున్న కుర్రాళ్ల కోసం ఏటా మార్చి 8న ఒక గోడ ఖాళీ చేసివ్వాలి. రామారావు, వెంకటరత్నం పెట్టింది చిత్రకళాశాల. గోడల మీద వేలాడే పటాలు దానిలో సగమే. మిగతా సగం, ఆ బడి, మళ్లీ తెరుచుకోవాల్సి ఉంది.