అప్‌గ్రేడ్ చేశాక కంప్యూటర్‌లో ఫొటోలు కనిపించడం లేదా? పోయాయనుకునే ముందు తెలుసుకోవాల్సిన విషయాలు

ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్ పూర్తయింది. కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యాక ఫొటోల యాప్ తెరిస్తే, ఏళ్ల తరబడి దాచుకున్న ఆల్బమ్‌ల స్థానంలో ఖాళీ తెర. అన్నీ పోయాయనే అనుకుంటారు చాలామంది. అయితే ఎక్కువ సందర్భాల్లో ఫొటోలు డిస్క్‌లోనే ఉంటాయి. దెబ్బతినేది వాటి జాబితా మాత్రమే. ఈ తేడా తెలియక కంగారులో చేసే పనుల వల్లే చాలాసార్లు అసలు నష్టం జరుగుతుంది.

లైబ్రరీలో ఏముంటుంది?

యాపిల్ మ్యాక్‌లో ఒకే ఫైల్‌లా కనిపించే 'ఫొటోస్ లైబ్రరీ' నిజానికి ఒక పెద్ద ఫోల్డర్. అందులో అసలు ఫొటోలు ఒక చోట, వాటి వివరాలు రాసి ఉండే డేటాబేస్ మరో చోట ఉంటాయి. ఏ ఫొటో ఏ ఆల్బమ్‌లోది, అందులో ఎవరున్నారు, ఏ మార్పులు చేశారు అన్నవన్నీ డేటాబేస్‌కే తెలుసు. ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు యాప్ ఈ డేటాబేస్‌ను కొత్త పద్ధతిలోకి మార్చుకుంటుంది. ఆ పని మధ్యలో ఆగితే ఫొటోలు ఉన్నా యాప్‌కు కనిపించవు. ఒకసారి మారిన లైబ్రరీని పాత వెర్షన్ తెరవలేదు.

మ్యాక్‌లో రెండు మలుపులు

2015 ఏప్రిల్‌లో యాపిల్ ఐఫొటో, అపర్చర్ యాప్‌ల స్థానంలో 'ఫొటోస్' తెచ్చింది. అపర్చర్‌లో ఇచ్చుకున్న స్టార్ రేటింగులు కొత్త యాప్‌లో కీవర్డులుగా మారిపోయాయి. 2019 అక్టోబరులో వచ్చిన మ్యాక్‌ఓఎస్ కేటలీనాలో పాత యాప్‌లు రెండూ పనిచేయడం మానేశాయి. అపర్చర్ లైబ్రరీని ముందే మార్చుకోవాలని యాపిల్ చెప్పినా, ఆ మాట చూడకుండా అప్‌గ్రేడ్ చేసినవారు ఇబ్బంది పడాల్సి వచ్చింది. పైగా కేటలీనా నుంచి లైబ్రరీ లోపలి ఫొటోలకు పాత పేర్లు ఉండవు. పొడవాటి అక్షరాలు, అంకెల వరుసలే ఉంటాయి. ఫైళ్లు పాడయ్యాయనుకుని వాటిని కదిలిస్తే డేటాబేస్‌తో ఉన్న లంకె తెగిపోతుంది.

నిజంగానే చెరిగిపోయిన సందర్భం

2018 అక్టోబరు 2న విడుదలైన విండోస్ 10 అప్‌డేట్ కొందరి ఫైళ్లనే తుడిచేసింది. పిక్చర్స్, డాక్యుమెంట్స్ వంటి ఫోల్డర్లను వేరే డ్రైవ్‌కు మళ్లించి, పాత చోట కూడా కొన్ని ఫైళ్లు ఉంచుకున్నవారు నష్టపోయారు. అక్కర్లేని నకలు ఫోల్డర్లను తీసేయాల్సిన కోడ్, లోపల ఫైళ్లున్నా పాత ఫోల్డర్‌ను తొలగించింది. మైక్రోసాఫ్ట్ కొద్ది రోజుల్లోనే పంపిణీ ఆపి, సరిచేసిన వెర్షన్‌ను నవంబరు 13న విడుదల చేసింది. ఫిర్యాదులు 0.01 శాతమేనని తెలిపింది. విడుదలకు ముందే పరీక్షకుల్లో కొందరు ఈ సమస్యను తెలియజేసినా అది పెద్దల దృష్టికి రాలేదు.

ఏం చేయాలి?

అప్‌గ్రేడ్‌కు ముందు మొత్తం లైబ్రరీని బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ కాపీ తెరుచుకుంటోందో లేదో చూసుకోవాలి. డిస్క్‌లో తగినంత ఖాళీ ఉంచుకోవాలి.

తర్వాత ఫొటోలు కనిపించకపోతే మొదట కొంతసేపు ఆగాలి. పెద్ద లైబ్రరీ మారడానికి గంటలు పట్టవచ్చు. మ్యాక్‌లో ఆప్షన్ కీ నొక్కి పట్టుకుని ఫొటోస్ తెరిస్తే ఏ లైబ్రరీ కావాలో ఎంచుకోవచ్చు. ఆప్షన్, కమాండ్ కీలు కలిపి నొక్కితే రిపేర్ అవకాశం వస్తుంది. అయితే రిపేర్‌కు ముందు కూడా ఒక కాపీ తీసుకోవాలి. ఫైళ్లు నిజంగా చెరిగిపోయాయని అనుమానం వస్తే ఆ కంప్యూటర్ వాడకం ఆపేయాలి. కొత్తగా రాసే డేటా, చెరిగినవాటి చోటును ఆక్రమిస్తుంది.

ఐక్లౌడ్‌లో ఉన్నాయి కదా అన్న ధీమా కూడా సరికాదు. అది అన్ని పరికరాలనూ ఒకేలా ఉంచే ఏర్పాటు. ఒక చోట తొలగిస్తే అన్ని చోట్లా పోతుంది, తిరిగి తెచ్చుకోవడానికి సాధారణంగా 30 రోజులే గడువు. అందుకే కంప్యూటర్‌తో సంబంధం లేకుండా విడిగా దాచిన కాపీయే అసలైన బ్యాకప్.