తలుపు తెరిచేనాటికి ఇంట్లో ఏముంది?

భారత, చైనాల అభివృద్ధిని పోల్చేవారు 1978 దగ్గర మొదలుపెట్టడం ఈమధ్య అలవాటైపోయింది. ఆ డిసెంబరులో డెంగ్ సియావోపింగ్ నాయకత్వం తలుపులు తెరిచిందనీ, మనం 1991 దాకా తెరవలేదనీ, ఆ పదమూడేళ్ళ ఆలస్యమే మన వెనకబాటుకు కారణమనీ తేల్చేస్తున్నారు. మా స్టాఫ్ రూములో సోషల్ చెప్పే మిత్రుడిదీ ఇదే మాట. ఈ లెక్క నాకు మింగుడు పడదు. తలుపు తెరిచేనాటికి ఇంట్లో ఏముందని అడగాలి గదా!

రెండు దేశాలూ బయలుదేరినచోటు దాదాపు ఒకటే. 1943లో బెంగాల్ కరువు సుమారు ముప్పై లక్షల మందిని మింగితే, ఆ రోజుల్లోనే చైనాలోని హెనాన్‌లో లక్షలాదిమంది ఆకలితో చచ్చారు. 1951 నాటికి మన సగటు ఆయుర్దాయం 32 ఏళ్ళు. 1949 నాటి చైనాదీ ఇంతకంటే పెద్దగా మెరుగు కాదు. రెండుచోట్లా పల్లె భూస్వామి గుప్పిట్లో ఉంది.

దారులు చీలింది ఆ పల్లెలోనే. 1950 జూన్‌లో చైనా భూసంస్కరణ చట్టం చేసింది. మూడేళ్ళు తిరిగేసరికి దాదాపు 30 కోట్ల రైతాంగానికి 4.7 కోట్ల హెక్టార్లు పంచింది. ఆ క్రమంలో లక్షలాదిమంది ప్రాణాలు పోయాయన్నదీ దాచవలసిన సంగతి కాదు. కాని వేల ఏళ్ళ భూస్వామ్యం నడుము విరిగింది.

ఆ పని మన తెలుగునేల మీదా మొదలైందని ఈ తరం విద్యార్థులకు తెలియదు. 1946-51 మధ్య తెలంగాణలో మూడువేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచినట్టు సుందరయ్యగారు నమోదు చేశారు. మనకు నప్పేది చైనా మార్గమేనని 1948లోనే ఆంధ్ర కమిటీ వాదించింది. మరుసటి ఏడాది రణదివె దాన్ని తోసిపుచ్చారు. ఆ వాదోపవాదాల్లోకి దిగితే ఈ సంచిక చాలదు. 1951 అక్టోబరులో పోరాటం ఆగింది. ఆలోగానే, 1948 సైనికచర్య తర్వాత, దొరలు ఊళ్ళకు తిరిగొచ్చి పంచిన భూమిలో చాలా భాగం లాక్కున్నారు.

చట్టం మన రాష్ట్రంలోనూ వచ్చింది. 1961లో ఒక భూపరిమితి చట్టం, 1973లో మరొకటి. రెండోది 1975 జనవరి 1న గాని అమలులోకి రాలేదు. కుటుంబానికి మాగాణి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54. ఒకటి ముంచుకొస్తుందని పద్నాలుగేళ్ళ ముందు చెప్పి పట్టుకోబోతే దొంగ దొరుకుతాడా? కాగితాల మీద కుటుంబాలు చీలాయి, బినామీలు పుట్టారు. పాలేరు పేరన రాసిన పొలం సంగతి ఆ పాలేరుకే తెలియదు.

మా గుంటూరు, ప్రకాశం సీమలకు సాగర్ కుడికాలువ నీళ్ళు 1967లో విడిచారు. పొగాకు, పత్తి, మిరప డబ్బు తెచ్చాయి, భూమి ఉన్నవాడికి. ఉత్పత్తి శక్తులు పెరిగాయి గాని ఊళ్ళో సంబంధాలు పాతవే. మార్టూరుకు ఎంతో దూరం లేని కారంచేడులో మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైన తగాదా 1985 జూలై 17న ఆరుగురు దళితుల ప్రాణాలు తీసింది. పేదరికంవల్ల జరిగిన ఘాతుకం కాదది. సిరి పెరిగిన నేల మీద జరిగింది.

చైనాలో 1978 తర్వాత కమ్యూన్లు రద్దయినప్పుడు ఏం జరిగిందో దీని పక్కన పెట్టి చూడాలి. భూమి అమ్మకానికి పోలేదు, ఇంట్లో తలలను బట్టి సాగుకు పంచారు. తిరిగొచ్చి నాదనడానికి భూస్వామి లేడు. ధాన్యం దిగుబడి 1978లో 30.5 కోట్ల టన్నులు, 1984లో 40.7 కోట్లు. చదువూ అంతే. 1990లో చైనాలో పదిహేనేళ్ళు దాటినవారిలో 78 శాతం అక్షరాస్యులు. 1991 లెక్కల్లో, ఏడేళ్ళు దాటినవారిని తీసుకుంటే, దేశంలో 52, మన రాష్ట్రంలో 44, మన ఆడవాళ్ళలో 33. తలసరి ఆదాయం రెండు దేశాల్లోనూ ఇంచుమించు సమానంగా ఉన్న 1980 ప్రాంతంలోనే చైనా ఆయుర్దాయం 65 దాటింది, మనది 54 దగ్గరుంది. ఇవన్నీ మార్కెట్టు తెచ్చినవి కావు. చెప్పుల్లేని డాక్టర్లూ, ఊరి బళ్ళూ తెచ్చినవి.

ఇంతవరకు రాసి కలం మూస్తే చాలామంది మిత్రులు సంతోషిస్తారు. మూయలేను. 1959-61 మధ్య అదే చైనాలో కోట్లమంది ఆకలితో చనిపోయారు. అంచనాలు కోటిన్నర నుంచి నాలుగున్నర కోట్ల దాకా ఉన్నాయి. 1959లో లూషాన్ సమావేశంలో పెంగ్ దెహువై తప్పు జరుగుతోందని చెబితే ఆయన పదవే పోయింది. ఆపైన నోరెత్తేదెవరు? కాలేజీ రోజుల్లో నేను ఈ మరణాలను సామ్రాజ్యవాదుల దుష్ప్రచారమని గట్టిగా వాదించాను. ఆ వాదనలో చచ్చినవాళ్ళు కూడా రైతులేనన్న సంగతి మరిచాను.

పత్రికలూ ప్రతిపక్షమూ ఉండబట్టే స్వతంత్ర భారతంలో అంతటి కరువు రాలేదంటాడు అమర్త్యసేన్. మనవాళ్ళు ఇక్కడితో ఆపి చప్పట్లు కొడతారు. ఆయనే జాఁ ద్రెజ్‌తో కలిసి 1989లో ఇంకో మాట రాశాడు: చైనాతో పోలిస్తే మన మామూలు మరణాల్లో ఉన్న ఎక్కువను లెక్కిస్తే, ఎనిమిదేళ్ళకొకసారి ఆ మహాక్షామమంత చావు మన దగ్గర నిశ్శబ్దంగా జరిగిపోతుందని. కరువు వార్త అవుతుంది. పురిటిలో పోయిన పిల్ల కాదు.

2020 నాటికి చైనా తలసరి ఆదాయం మనదానికి ఐదు రెట్లయింది. దాని అర్థం మార్టూరులో నిలబడితే కనబడుతుంది. చీమకుర్తి గెలాక్సీ రాయి దిమ్మెలు దిమ్మెలుగా ఓడలెక్కి చైనాకు పోతుంది. కోత, మెరుగు, లాభం అక్కడ. మా ఊళ్ళో పలకలు కోసే ఫ్యాక్టరీలున్నాయి. కోసేవాళ్ళలో చాలామంది బయటి రాష్ట్రాల కూలీలు. 2025 ఆగస్టులో మాకు దగ్గరలోని బల్లికురవ క్వారీలో బండ విరిగిపడి ఆరుగురు ఒడిశా కూలీలు చనిపోయారు. చైనాలోనూ పల్లె నుంచి పట్నానికి వచ్చిన కూలీకి 1958 నాటి నివాస నమోదు విధానం పట్నపు హక్కులు దక్కనివ్వలేదు. రెండుచోట్లా రాయి మోసేవాడు పరాయివాడే.

ఆ కూలీల పిల్లలు కొందరు నా తరగతిలో కూర్చుంటారు. ఇంట్లో ఒడియా, బడిలో తెలుగు వాచకం. జూన్‌లో హాజరుపట్టీలో రాసిన పేర్లు సంక్రాంతి దాటాక పిలిస్తే కొన్నింటికి జవాబు రాదు. తండ్రి మరో క్వారీకి మారి ఉంటాడు.