కారు హెచ్చరిక దీపాలు, వచ్చిపోయే విద్యుత్ లోపాలు: నిర్ధారణ చరిత్ర

పాత కారులో డాష్‌బోర్డు మీద ఒక దీపం వెలుగుతుంది, షెడ్డుకు చేరేసరికి ఆరిపోతుంది. మెకానిక్ చూసినప్పుడు అన్నీ సవ్యంగానే ఉంటాయి. ఇలా వచ్చిపోయే లోపాలను వాడుకలో ‘లూజ్ కాంటాక్ట్’ అంటారు. వీటి మూలం చాలాసార్లు తుప్పు పట్టిన ఎర్త్, వదులైన కనెక్టర్, లోపల తెగిన వైరు, అరిగిన స్విచ్ వంటి చోట్ల ఉంటుంది. వీటిని కనిపెట్టే విద్యకు కారులో విద్యుత్తుకు ఉన్నంత వయసుంది. ఈ కాలంలో దీపాన్ని వెలిగించే పద్ధతి మారింది, లోపాన్ని గుర్తుపెట్టుకునే కంప్యూటర్ వచ్చింది. అయినా దీపం ఎప్పుడూ చెప్పింది పర్యవసానాన్నే. కారణం తెలియాలంటే కరెంటు పారుతుండగా సర్క్యూట్‌ను కొలవక తప్పదు.

ముల్లు నుంచి దీపానికి

1912లో కాడిలాక్ సంస్థ చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టర్‌ను తన కార్లలో పెట్టింది. దానితో బ్యాటరీ, జనరేటర్, లైట్లు ఒకే వ్యవస్థలో చేరాయి. ఆ తరం కార్లలో ఛార్జింగ్ సంగతి తెలిపింది అమ్మీటర్. ముల్లు వణికితే ఎక్కడో కాంటాక్ట్ నిలకడగా లేదని డ్రైవరుకే అర్థమయ్యేది. 1930లలో అమెరికాలో హడ్సన్ సంస్థ ఆయిల్ ప్రెషర్‌కూ ఛార్జింగ్‌కూ ముల్లు బదులు దీపాలు పెట్టింది, క్రమంగా మిగతావారూ ఆ దారే పట్టారు. ముల్లు ఎంతో చెబుతుంది, దీపం ఉందో లేదో మాత్రమే చెబుతుంది కాబట్టి ఇది వెనకడుగేనని విమర్శ వచ్చింది. రోడ్డు మీద చూపు ఉన్న మనిషి కంట ముల్లు కన్నా ఎర్రదీపమే ముందు పడుతుందన్న సమాధానమూ సబబైనదే. అయితే చదవడం తెలిసినవారికి దీపం కూడా ‘ఎంతో’ చెబుతుంది. ఛార్జింగ్ దీపం ఒక కొస ఇగ్నిషన్ స్విచ్‌కు, రెండో కొస ఆల్టర్నేటర్‌కు కలిసి ఉంటుంది. ఇంజిన్ తిరిగి ఛార్జింగ్ మొదలయ్యాక రెండు కొసల్లోనూ వోల్టేజి సమానమవుతుంది, దీపం ఆరుతుంది. ఇంజిన్ నడుస్తున్నా దీపం మసకగా వెలుగుతోందంటే ఆ రెండు కొసలకూ ఇంకా తేడా ఉందన్నమాట. తప్పు ఆల్టర్నేటర్ డయోడ్‌దో బ్రష్‌లదో కావచ్చు, ఇగ్నిషన్ స్విచ్ లేదా ఫ్యూజ్ బాక్సులో పట్టిన తుప్పుదీ కావచ్చు. మసక వెలుగు చూడగానే ఆల్టర్నేటర్ మార్చడం ఈ రెండో అవకాశాన్ని మరచిపోవడమే.

లోపం దాక్కునే చోటు

కారులో ప్రతి పరికరానికీ పాజిటివ్ వైరు విడిగా వెళ్తుంది. కరెంటు తిరిగి వచ్చే దారి మాత్రం ఎక్కువగా బాడీయే. అందుకే ఒక్క ఎర్త్ బోల్టు కింద తుప్పు చేరితే సంబంధం లేనట్టు కనిపించే పరికరాలు కలిసి తప్పుతాయి. వెనుక లైట్ల ఎర్త్ పోయినప్పుడు బ్రేక్ తొక్కితే కరెంటు పక్క బల్బుల ఫిలమెంట్ల గుండా దారి వెతుక్కుంటుంది, వెలగకూడని దీపం మసకగా వెలుగుతుంది. కనెక్టర్లలో ఇంకో చిక్కు ఉంది. ఇంజిన్ అదురుకు పిన్నులు కంటికి కనిపించనంతగా కదులుతూ ఒరుసుకుంటాయి. ఆ ఒరిపిడికి పూత అరిగి ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. వేడికీ చెమ్మకూ ఆ కాంటాక్ట్ కలుస్తూ విడిపోతూ ఉంటుంది. విశాఖ, కాకినాడ వంటి తీరపట్టణాల ఉప్పుగాలి ఈ పనిని ఇంకా తొందరపెడుతుంది.

ఇలాంటి చోట ఓమ్స్ కొలిచి ‘వైరు బాగానే ఉంది’ అనడం మోసపోవడమే. వైరులో ఒక్క పోగు మిగిలినా మల్టీమీటర్‌కు నిరోధం దాదాపు సున్నాగానే కనిపిస్తుంది, ఎందుకంటే మీటరు పంపే కరెంటు అతి స్వల్పం. అదే తీగలో స్టార్టర్ మోటారు 150 ఆంపియర్లు లాగితే, 0.01 ఓము నిరోధం కూడా 1.5 వోల్టులు మింగేస్తుంది. కాబట్టి లోడ్ పడినప్పుడు రెండు కొసల మధ్య ఎంత వోల్టేజి పోతోందో చూసే ‘వోల్టేజి డ్రాప్’ పరీక్షే నమ్మదగినది. వైరింగ్‌ను ఒక్కో చోట కదిలిస్తూ మీటరు కనిష్ఠ, గరిష్ఠ విలువలు గమనించడం దానికి తోడు.

జ్ఞాపకం వచ్చాక

1967లో బాష్ సంస్థ డి-జెట్రానిక్ ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్‌ను ఫోక్స్‌వాగన్ కార్లలో ప్రవేశపెట్టింది. 1980ల మొదట్లో జనరల్ మోటార్స్ కార్లలో కంప్యూటర్ తన లోపాలను తానే చెప్పడం మొదలైంది. డయాగ్నస్టిక్ సాకెట్‌లో ఏ, బీ టెర్మినళ్లను చిన్న వైరుతో కలిపితే ‘చెక్ ఇంజిన్’ దీపం ఒకసారి మెరిసి, ఆగి, రెండుసార్లు మెరిసేది. అది 12 కోడ్, పరీక్షా వ్యవస్థ పనిచేస్తోందన్న గుర్తు. తర్వాత దాచిన కోడ్లు వరుసగా వచ్చేవి. కాలుష్య నియంత్రణ కోసం కాలిఫోర్నియా 1988 మోడళ్ల నుంచి ఇలా కారు తనను తానే పరీక్షించుకునే ఓబీడీ (ఆన్-బోర్డ్ డయాగ్నస్టిక్స్) వ్యవస్థను తప్పనిసరి చేసింది. 1996 నుంచి అమెరికా కార్లన్నింటికీ ఒకే 16 పిన్నుల సాకెట్‌తో ఓబీడీ-2 వచ్చింది. యూరప్‌లో పెట్రోలు కార్లకు 2001లో, భారత్‌లో 2013 ఏప్రిల్ నుంచి ఆ స్థాయి నిబంధన అమలైంది.

వచ్చిపోయే లోపాలకు ఓబీడీ-2 చేసిన అసలు మేలు జ్ఞాపకం. లోపం తలెత్తిన క్షణంలో ఇంజిన్ వేగం, ఉష్ణోగ్రత, లోడ్ ఎంతెంత ఉన్నాయో ‘ఫ్రీజ్ ఫ్రేమ్’గా అది దాచిపెడుతుంది. లోపం మళ్లీ రాకపోతే సాధారణంగా మూడు డ్రైవింగ్ సైకిళ్లకు దీపం ఆరుతుంది, కోడ్ మాత్రం నలభై వార్మప్‌ల వరకు మిగిలి ఉంటుంది. దీపం ఆర్పడానికి బ్యాటరీ వైరు తీసి పెట్టేవారు ఆ సాక్ష్యాన్నే చెరిపేస్తారు.

అభ్యంతరాలు

ఓబీడీ సాకెట్‌కు తగిలించి కోడ్లు చదివే స్కానర్ ఉంటే కొలతలెందుకన్నది మొదటి ప్రశ్న. పీ0118 కోడ్‌నే తీసుకుందాం. కూలెంట్ ఉష్ణోగ్రత సర్క్యూట్‌లో వోల్టేజి ఎక్కువైందని దాని అర్థం. కంప్యూటర్ ఒక రెసిస్టర్ గుండా 5 వోల్టులు పంపి, సెన్సర్ దాన్ని ఎంతకు దించిందో చూసి వేడిని లెక్కిస్తుంది. వైరు తెగితే 5 వోల్టులు అలాగే నిలుస్తాయి, కంప్యూటర్ ఇంజిన్ మైనస్ 40 డిగ్రీల దగ్గర ఉందనుకుంటుంది. సెన్సర్ పాడైనా, పిన్ను వదులైనా, ఎర్త్ వైరు తెగినా వచ్చేది అదే కోడ్. స్కానర్ వీధి చూపుతుంది, ఇల్లు కొలతే చూపాలి.

సమయం ఖరీదైనది, భాగం మార్చేస్తే పోతుంది కదా అన్నది రెండో ప్రశ్న. మార్చాక చాలాసార్లు దీపం ఆరుతుంది కూడా. కానీ సెన్సర్ మార్చాలంటే కనెక్టర్ ఊడదీసి మళ్లీ బిగించాలి. ఆ రాపిడికే ఆక్సైడ్ పొర తొలగి కాంటాక్ట్ కుదిరి ఉండవచ్చు. కొన్ని వారాలకు దీపం తిరిగి వస్తే, యజమాని డబ్బు పెట్టింది బాగున్న భాగం మీదని తేలుతుంది. పాతది తీసే ముందే కొలిస్తే ఈ సందేహం ఉండదు. మన రోడ్ల మీద ఇంకా తిరుగుతున్న కార్బురేటర్ కార్లకు స్కానర్ సాయం లేనే లేదు, కొత్త కార్లలోనూ స్కానర్ పని కోడ్ దగ్గరే ఆగుతుంది. అందుకే కోడ్‌నూ ఫ్రీజ్ ఫ్రేమ్‌నూ రాసుకుని, సర్క్యూట్‌ను లోడ్ మీద కొలిచి, ఆ తర్వాతే భాగం మార్చే షెడ్డు యజమాని నమ్మకానికి తగినది.