ఏంటెన్నా నుంచి డబ్బా దాకా: మన తండా ఇండ్లల్ల టీవీ మారిన కథ

చరిత్ర అంటే రాజులు, యుద్ధాలే కాదు. మన ఇంట్ల టీవీ పక్కకు ఒక చిన్న డబ్బా ఎందుకొచ్చింది, దానికి పైసలు ఎవరు కట్టిన్రు అన్నది కూడా చరిత్రే. మన చరిత్ర మనం రాసుకోకుంటే ఇంకెవరు రాస్తరు?

ముందుగాల 1975కు పోదాం. ఆ ఏడు ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా ఇస్రో ‘సైట్’ అనే ప్రయోగం చేసింది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 ఊర్లకు టీవీ కార్యక్రమాలు పంపింది. అందులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. కోళ్ల జాలీతో చేసిన పదడుగుల ఛత్రీ, ఊరందరికీ కలిపి ఒక టీవీ. పొద్దున బడి పిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం. సెట్టు, ఛత్రీ, మరమ్మతు అన్నీ సర్కారువే.

1977 అక్టోబర్ 23న హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది. తర్వాత మెల్లగా టీవీ ఎవరింటిది వాళ్లదైంది. ఇంటి మీద కట్టెకు ఏంటెన్నా కడితే సరిపోయేది, నెలనెలా బిల్లు లేదు. అది అనలాగ్. సిగ్నల్ తగ్గితే బొమ్మ మీద చుక్కలు పడేవి గాని ఎంతో కొంత కనపడేది. డిజిటల్ అట్ల కాదు. వస్తే అద్దం లెక్క వస్తది, లేకుంటే ముక్కలై ఆగిపోతది. ఒక ఛానల్ పట్టే జాగలో నాలుగైదు ఛానళ్లు పడతయి కాబట్టి ప్రపంచమంతా దానికే మారింది.

మన దేశంలో 2011లో కేబుల్ చట్టాన్ని సవరించి నాలుగు దశలు పెట్టిన్రు. మొదలు మహానగరాలు, 2013 మార్చి 31 నాటికి హైదరాబాద్, విశాఖ లాంటి 38 నగరాలు, ఆ తర్వాత మిగతా పట్టణాలు. పల్లెలు, తండాలు ఆఖరి దశ. మొదట 2014 డిసెంబర్ అన్న గడువు జరిగి జరిగి 2017 మార్చి 31 అయింది. డబ్బా ఖర్చు మాత్రం ఇంటివాళ్ల మీదే పడ్డది. 2019 ఫిబ్రవరి 1న కొత్త ధరలు వచ్చినయి: అప్పట్ల 100 ఛానళ్లకు నెలకు 130 రూపాయలు, పన్నుతో 153 ఉండేది. పే ఛానళ్లకు వేరే.

2020 సెప్టెంబర్ 1న దాని అసలు బరువు తెలిసింది. కరోనాతో బడులు బందై దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌లల్ల డిజిటల్ క్లాసులు మొదలైనయి. 1975లో పాఠంతో పాటు టీవీని కూడా సర్కారే పంపింది. 2020లో పాఠం మాత్రమే పంపింది. టీవీ, డబ్బా, రీచార్జి ఇంటివాళ్లే చూసుకోవాలె. కూలికి పోతేనే పూట గడిచే ఇంట్ల కనెక్షన్ బందైతే ఆ పిల్లకు బడి బందైనట్టే. ఇంట్ల గోర్ బోలి మాట్లాడే చిన్న పిల్లలకు పక్కన కూర్చొని విడమరిచి చెప్పే మనిషి కూడా కావాలె.

2022 మార్చి 31 నాటికి దూరదర్శన్ కూడా 50 ట్రాన్స్‌మీటర్లు తప్ప మిగతా అనలాగ్‌వన్నీ ఆపేస్తామని చెప్పింది. ఏంటెన్నా కాలం అయిపోయింది.

మరి మనం ఏం చేద్దాం? పాత టీవీని తుక్కుకు వేయనియ్యొద్దు. వెనుక పసుపు, తెలుపు, ఎరుపు రంధ్రాలుంటే డబ్బా పెట్టుకోవచ్చు. 2004లో మొదలైన దూరదర్శన్ ఉచిత డీటీహెచ్, ఇప్పుడు ఫ్రీ డిష్, ఒక్కసారి కొంటే నెల బిల్లు ఉండదు. మన దిక్కు ఛత్రీని ఆగ్నేయం మూలకు తిప్పాలె, ముందర చెట్టు అడ్డం ఉండొద్దు. అవ్వ, బాపులకు రీచార్జి మెసేజ్ చదివి చెప్పాలె, చూడని పే ఛానళ్లు తీసేయించాలె.

ఇంకొకటి. 2018 చట్టంతో మన తండాలు చాలా వరకు సొంత పంచాయతీలైనయి. గ్రామసభలో నిలబడి బడికో, పంచాయతీ ఆఫీసుకో ఒక టీవీ, ఒక ఛత్రీ అడుగుదాం. 1975లో ఊరుమ్మడి టీవీ పెట్టగలిగిన్రంటే ఇప్పుడు పెట్టలేరా?